మసెరాటి 250ఎఫ్ రేసు కారును ఎనిమిదో వంతు సైజులో ఇంట్లోనే చేయడం ఎలా?

కిట్టు కొని ముక్కలు అతికించే మోడల్ ఒక రకం. రేకు, గొట్టం, తీగ, కొయ్య తెచ్చుకుని ప్రతి ముక్కా మనమే చేసుకునేది ఇంకో రకం. దీన్నే స్క్రాచ్ బిల్డింగ్ అంటారు. ఈ దారి పట్టినవాళ్ళలో చాలామంది బాడీతో మొదలుపెడతారు, కంటికి కారులా కనిపించేది అదే గనక. ఆర్నెల్లు తిరిగేసరికి అటక మీద ఓ డొప్ప, దాని పక్కన చక్రాల్లేని చట్రం మిగులుతాయి. నా మాట విని ముందు ఒక్క చక్రం చేయండి. అది తిన్నగా తిరిగితే మిగతా కారు సంగతి చూద్దాం.

చేయబోయే కారు మసెరాటి 250ఎఫ్. 1954లో గ్రాండ్ ప్రీ రేసుల్లోకి దిగింది. 1957 ఆగస్టు 4న జర్మనీలోని నూర్బర్గ్‌రింగ్‌లో అర్జెంటీనా డ్రైవర్ హువాన్ మాన్యుయెల్ ఫాంజియో ఈ కారుతోనే, పిట్‌లో, అంటే రేసు మధ్య కార్లు ఆగే చోట, టైర్లు మార్చుకుంటూ బోలెడంత సమయం పోగొట్టుకుని కూడా, రెండు ఫెరారీలను వెంటాడి దాటేశాడు. ఆ ఫెరారీల్లో ఒకదాన్ని నడిపిన మైక్ హాథార్న్ కన్నా 3.6 సెకన్లు ముందు గీత దాటాడు. మోడల్ చేసేవాడికి మాత్రం దీని అందం వేరే చోట ఉంది: తీగల చక్రాలు, గొట్టాల చట్రం, సుత్తితో సాగదీసిన అల్యూమినియం ఒళ్ళు. అన్నీ చేతిపనులే, కాబట్టి మన చేతికీ లొంగుతాయి.

ఏ కారు అని కాదు, ఏ రోజు కారు

1954 కారుకూ 1957 కారుకూ ముక్కు వేరు, తోక వేరు. ఒకే కారు కూడా ఒక రేసుకీ ఇంకో రేసుకీ మధ్య మారిపోయేది. అందుకని ఒక రేసు, ఒక రోజు, ఒక నంబరు ఎంచుకుని, ఆ రోజు తీసిన ఫోటోలే పోగుచేయండి. నూర్బర్గ్‌రింగ్ అనుకుంటే ఫాంజియో నంబరు 1. ఇప్పుడు మ్యూజియాల్లో ఉన్నవాటిని లోపలి భాగాల కోసం చూడొచ్చు గానీ, బయటి రూపానికి వాటిని నమ్మకండి. డెబ్బై ఏళ్ళలో ఎన్ని చేతులు పడి ఉంటాయో!

తర్వాత కొలతలు. వీల్‌బేస్, అంటే ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య దూరం, 2280 మి.మీ. ఎనిమిదో వంతు చేస్తే 285. ముందు చక్రాల మధ్య వెడల్పు 1300, మనకు 162.5. వెనక 1250, మనకు 156 చిల్లర. మొత్తం కారు అరమీటరు వస్తుంది, బల్ల మీద ఆ చోటు ముందే ఖాళీ చేసుకోండి. దొరకని కొలతలన్నీ ఫోటోల నుంచే తీయాలి. పక్కనుంచి, దూరం నుంచి తీసిన ఫోటో అయితే మంచిది. అందులో మన స్కేలు చక్రం రిమ్మే. టైరు గాలిని బట్టి, అరుగుదలను బట్టి మారుతుంది, రిమ్ము మారదు.

ఇక్కడే నేను బోల్తాపడ్డాను. రిమ్ము 16 అంగుళాలు, అంటే 406 మి.మీ. కదా అని ఫోటోలో మెరిసే రిమ్ము అంచును 406గా పెట్టుకుని డ్రాయింగు మొత్తం గీసేశాను. తీరా చూస్తే వీల్‌బేస్ 262 వచ్చింది! ఆ 16 అంగుళాలు టైరు కూర్చునే చోటి కొలత. పైకి కనిపించే అంచు చుట్టూరా ఇంకో 17, 18 మి.మీ. పైకి లేచి ఉంటుంది, అంటే బయటి కొలత దాదాపు 440. డ్రాయింగు చింపి మళ్ళీ గీశాను. మీరు గీసేటప్పుడు తెలిసిన వీల్‌బేస్‌తో సరిచూసుకున్నాకే ముందుకెళ్ళండి.

చక్రం

రిమ్మునూ, మధ్యలో హబ్బునూ అల్యూమినియం కడ్డీ నుంచి లేతు మీద తీయాలి. సొంత లేతు లేకపోతే విజయవాడ ఆటోనగర్ లాంటి చోట చిన్న లేతు షాపులో చేయించుకోవచ్చు. కొలతలన్నీ కాగితం మీద రాసి ఇవ్వండి. "ఇలాంటిది కావాలి" అని నోటితో చెబితే ఇలాంటిదే వస్తుంది, ఇది రాదు.

స్పోకుల రంధ్రాల కోసం డిగ్రీల చక్రం ఒకటి ప్రింటు తీసి, రిమ్ముకు అతికించి, 0.6 మి.మీ. డ్రిల్లుతో వేయండి. స్పోకులు ఎన్నో, ఎక్కడ ఒకదాన్నొకటి దాటుతున్నాయో మీ ఫోటోల్లోనే లెక్కపెట్టాలి. చక్రానికి అరవై అనుకున్నా నాలుగింటికి 240. స్పోకుకు అర మి.మీ. స్టెయిన్‌లెస్ స్టీలు తీగ సరిపోతుంది. దొరక్కపోతే గిటారు దుకాణంలో 18 నంబరు సాదా తీగ అడగండి, అదీ దగ్గర దగ్గర అంతే మందం. నిపుల్స్‌కు, అంటే రిమ్ము దగ్గర స్పోకు కొసకు తొడిగే బుల్లి గొట్టాలకు, సన్న ఇత్తడి గొట్టాన్ని రెండేసి మి.మీ. ముక్కలుగా, బ్లేడు కింద దొర్లిస్తూ కోయాలి. పటకారుతో పట్టి తుంచితే గొట్టం నొక్కుకుపోతుంది.

బిగించడానికి ఒక పీట కావాలి. గుండ్రటి కొయ్య పలకలో రిమ్ము కూర్చునే గాడి, నడుమ హబ్బును సరైన ఎత్తులో నిలిపే మేకు. ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు కర్ర దీనికి దివ్యంగా ఉంటుంది, ఒత్తైన పోగు, గాడి అంచులు చెదరవు. ఇక తీగ కొసను నోస్ ప్లయర్‌తో ఒక మి.మీ. వంచి, హబ్బు రంధ్రంలోంచి లాగి, రిమ్ములోకి దూర్చి, నిపుల్ తొడగాలి. ముందు లోపలి వరస, తర్వాత బయటి వరస. పన్నెండు గంటల దగ్గర ఒకటి వేస్తే రెండోది ఆరు గంటల దగ్గర, మూడోది మూడు దగ్గర, నాలుగోది తొమ్మిది దగ్గర. సైకిల్ షాపులో బెండు తీసే మనిషిని పావుగంట గమనిస్తే ఈ పేరా మీకు అక్కర్లేదు. స్పోకులన్నీ పడ్డాక రిమ్ము పక్కన గుండుసూది నిలబెట్టి తిప్పి చూడండి. సూదికీ రిమ్ముకీ మధ్య సందు ఎక్కడా మారకపోతే అప్పుడు రిమ్ము లోపలివైపు నుంచి నిపుల్‌కో చుక్క ఎపాక్సీ. ఐదు నిమిషాల్లో గట్టిపడేది వద్దు, రాత్రంతా తీసుకునేదే వాడండి, మధ్యలో సర్దుకునే వీలుంటుంది. ఫెవిక్విక్ అయితే అసలొద్దు, తీగల మీద తెల్లటి పొగ కమ్ముతుంది.

మొదటి చక్రం పాడవుతుంది. నాది రెండోది కూడా పాడైంది.

టైర్లు ముందు 5.50 అంగుళాల వెడల్పు, వెనక 7.00. మన లెక్కలో 17.5, 22 మి.మీ. ఒక్కో సైజుకు ఒక్క నమూనా కొయ్యతో తీసి, సిలికాన్ అచ్చు చేసి, నల్ల రంగు కలిపిన పాలీయురెథేన్ రబ్బరు పోయాలి. ఎత్తు నుంచి సన్నటి ధారగా పోస్తే గాలి బుడగలు తగ్గుతాయి. ఆరాక సన్న ఉప్పుకాగితంతో నిగనిగ తీసేయండి.

చట్రం

ఇత్తడి గొట్టాలు వాడండి. చట్రం పై నుంచి కనిపించే రూపాన్ని మోడల్ సైజులో కాగితం మీద గీసి పలక మీద అతికించి, గొట్టాలకు రెండు పక్కలా మేకులు కొట్టి కదలకుండా నిలపాలి. గొట్టం కొస ఇంకో గొట్టానికి ఆనే చోట గుండ్రటి ఆకురాయితో చేప నోరులా గుంట తీయండి. సందు ఉంటే టంకం దాన్ని పూడుస్తుంది గానీ పట్టి ఉంచదు.

బరువు మోసే అతుకులకు వెండి టంకం. అది 600 డిగ్రీలు దాటితే గానీ కరగదు. మామూలు ఎలక్ట్రికల్ టంకం 190 లోపే కరిగిపోతుంది. కాబట్టి వేడి ఎక్కువ కావలసిన అతుకులు ముందు, మెత్తటివి తర్వాత. ఈ వరస తిరగబడితే నిన్న అతికించిన బ్రాకెట్టు ఇవాళ ఒళ్ళో పడుతుంది. కంసాలి వాడే వెలిగారమే ఇక్కడా పనికొస్తుంది. పని అయ్యాక గాజులా పట్టేసిన వెలిగారాన్ని నిమ్మఉప్పు కలిపిన వేడినీళ్ళలో నానేస్తే వదులుతుంది. కిటికీలు తీసి పెట్టుకోండి. చల్లారిన చట్రాన్ని అద్దం పలక మీద పెట్టి నాలుగు మూలలా వేలితో నొక్కండి. టకటకమంటే సరిచేయాలి. ముందు స్ప్రింగులు, వెనక చక్రాలు రెంటినీ కలిపే డి డియోన్ గొట్టం, దాని మీద అడ్డంగా ఉండే పట్టీల స్ప్రింగు ఈ దశలోనే అమర్చి చక్రాలు తొడిగి చూసుకోండి.

ఇంజను

వరసగా ఆరు సిలిండర్లు, 2493 సీసీ. బానెట్ తీసి చూపించే ఉద్దేశం లేకపోతే కొయ్య దిమ్మతో సరిపెట్టేయొచ్చు, తప్పేం లేదు. చూపిస్తానంటే ఒక్కటి మరచిపోకండి: సిలిండరుకు రెండు ప్లగ్గులు, అంటే ప్లగ్ వైర్లు 12. ఆరు పెట్టి వదిలేసిన మోడళ్ళు చాలా చూశాను. రెండేసి నోళ్ళ వెబర్ కార్బురేటర్లు మూడు. ఇంకో సంగతి, పెడల్స్‌లో యాక్సిలరేటర్ నడుమ ఉంటుంది, బ్రేకు కుడివైపు. మన అలవాటు ప్రకారం పెట్టేస్తే తెలిసినవాడు ఇట్టే పట్టేస్తాడు.

ఒళ్ళు

అసలు కారుది అల్యూమినియమే అయినా, ముక్కు, తోక రాగితో చేయమంటాను. ఎలాగూ ఎర్ర రంగు కిందకే పోతుంది. 26 గేజు రాగి రేకు చక్కగా సాగుతుంది, ముక్కలను టంకంతో కలపొచ్చు. పలచటి అల్యూమినియాన్ని ఇంట్లో అతకడం మహా కష్టం.

ముందు కొయ్యతో ఆకారం చెక్కాలి, రేకు మందం వదిలేసి. కొండపల్లి బొమ్మల పొణికి చెక్కడానికి వెన్నే, కానీ సుత్తి దెబ్బకు గుంటపడుతుంది. గట్టి కర్రే తీసుకోండి. రేకును ఇసుక సంచి మీద కొయ్య సుత్తితో కొట్టి డొప్పలా చేసి, అప్పుడు దిమ్మ మీద వేసి చదును చేయాలి. కొట్టేకొద్దీ రాగి బిరుసెక్కుతుంది, శబ్దం మారుతుంది. 'టప్పు' పోయి 'టంగు' మంటే ఆపి, మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి నీళ్ళలో వేయండి. ఇనుములా గట్టిపడదు, మళ్ళీ మెత్తబడుతుంది. ఒక ముక్కుకు పది పన్నెండు సార్లు కాల్చాల్సి రావచ్చు. మెత్తబడకముందే ఇంకో నాలుగు దెబ్బలు వేద్దామనుకుంటే అంచున చీలిక పడుతుంది.

బానెట్, పక్క పలకలు మాత్రం అల్యూమినియమే. ఆఫ్‌సెట్ ప్రెస్సులో వాడి పడేసిన ప్లేట్లు అడిగి తెచ్చుకోండి, 0.3 మి.మీ. మందంవి. అల్యూమినియం కరిగేదాకా కూడా ఎర్రబడదు, కంటితో వేడి తెలియదు. అందుకని రేకు మీద బట్టల సబ్బు రుద్ది, వెనకనుంచి మంట తగిలించండి. సబ్బు గోధుమరంగు దాటి నల్లబడగానే మంట తీసేయాలి.

ఈ కారు బానెట్ నిండా లూవర్లే, అంటే గాలి పోయేందుకు ఒక పక్క కోసి ఉబ్బించిన సందులు. రేకు వంచకముందే అవి వేయాలి. ఒక ఇనుప పట్టీలో లూవరు పొడవున గాడి తీసి, దానికి సరిపడే ఉలి చేయండి. ఉలికి ఒక అంచు పదునుగా, రెండో అంచు గుండ్రంగా ఉండాలి. మధ్యలో రేకు పెట్టి బెంచి వైసులో నొక్కితే ఒక పక్క తెగి, ఇంకో పక్క ఉబ్బుతుంది. గీతలు రేకు వెనకవైపు గీసుకోండి. వరసలో చివరి లూవరు వంకర పోతే రేకు మొత్తం పోయినట్టే, అందుకే నాలుగు ప్లేట్లు ఎక్కువ తెచ్చుకోమనేది.

రంగు, బిగింపు

లోహానికి పట్టే ఎచ్ ప్రైమర్, దాని మీద పలచగా మూడు నాలుగు పూతలు ఎరుపు. మందంగా కొడితే లూవర్ల అంచులు, రివెట్ల తలలు మునిగిపోతాయి. కొత్త కారు షోరూములో ఉన్నట్టు మెరిపించొద్దు, ఈ సైజుకు అంత తళుకు ఎబ్బెట్టుగా ఉంటుంది. నంబరు స్టిక్కరు కన్నా, చుట్టూ టేపు వేసి బ్రష్షుతో దిద్దితే బావుంటుంది. అప్పట్లో చేత్తో రాసేవారు గనక గీత కాస్త వణికినా ఫరవాలేదు.

చివరగా చక్రాల నడిమి రెక్కల నట్లు. వీటిని సుత్తితో కొట్టి బిగించేవారు. ఎడమ చక్రాలకు మామూలు మర, కుడి చక్రాలకు ఎదురు మర ఉంటుంది, పరుగులో వాటంతటవి ఊడకుండా. మీ మోడల్‌లో నిజంగా మర కోస్తే కుడివైపుకు ఎదురు మర కోసే ట్యాపు విడిగా తెచ్చుకోవాలి. కోయకుండా అతికించేస్తే, నాలుగు నట్ల రెక్కలూ ఒకే కోణంలో నిలబడకుండా తలా ఒక వైపు తిప్పి పెట్టండి.