బోటు ఇంజన్ వేడెక్కుతుంటే ముందు ఉప్పునీటి దారి చూడండి

హీట్ ఎక్స్ఛేంజర్ (ట్యూబుల్లో పారే ఉప్పునీటితో కూలెంట్ వేడిని తీసే భాగం) ఉన్న డీజిల్ ఇంజన్లో రెండు రకాల నీళ్లు తిరుగుతాయి. బ్లాకులో తిరిగేది కూలెంట్. సముద్రం నుంచి వచ్చి, కూలెంట్ వేడిని తీసుకుని బయటికి పోయేది ఉప్పునీరు. తంటా ఎక్కువగా ఈ రెండోదానితోనే. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. ఆ 61 రోజులు కదలని బోటుకు నీళ్లు లాగే రంధ్రంలో గుల్లలు పడతాయి, ఉప్పునీటి పంపులో తిరిగే రబ్బరు చక్రం (ఇంపెల్లర్) రెక్కలు వంగినచోటే బిగుసుకుపోతాయి. అందుకే వేట మొదలయ్యే ముందే ఈ దారంతా ఒకసారి విప్పి చూసుకోవాలి.

నడిసముద్రంలో వేడి చూపే మీటరు పైకి పోతే రేస్ తగ్గించి, బయటి పైపులోంచి నీళ్లు పడుతున్నాయో లేదో చూడండి. పడుతుంటే కాసేపు ఐడిల్‌లో ఉంచండి, పడకపోతే వెంటనే ఆపేయండి. చేత్తో తాకగలిగేంత చల్లారేదాకా కూలెంట్ ట్యాంకు మూత (ప్రెషర్ క్యాప్) తిప్పొద్దు. కాలుతున్న బ్లాకు మీద చన్నీళ్లు పోస్తే పగులుతుంది.

ఎప్పుడు వేడెక్కుతోందన్నదే సగం జవాబు. ఐడిల్‌లో బాగుండి ఫుల్ రేస్‌లో వేడెక్కితే నీళ్లు చాలడం లేదు, లేదా ట్యూబులు పూడాయి. నిమిషాల్లో ఎగబాకితే బెల్టు తెగిందో, ఇంపెల్లర్ పోయిందో, ప్లాస్టిక్ కవరు అడ్డుపడిందో. నెలల తరబడి కొద్దికొద్దిగా పెరుగుతుంటే ట్యూబుల్లో ఉప్పు పేరుకుంటోంది.

మొదట సీకాక్, అంటే బోటు అడుగున సముద్రపు నీళ్లు లోపలికి వచ్చేచోటి వాల్వు. దాన్ని మూసి, హోస్ ఊడదీసి, చెక్క బిరడా చేతిలో పెట్టుకుని ఒక్క క్షణం తెరవండి. నీళ్లు నిండుగా ఎగజిమ్మాలి. సన్నగా వస్తే అడుగున రంధ్రం పూడింది. తర్వాత చెత్తను ఆపే స్ట్రెయినర్ జాలీ కడిగి, మూత రబ్బరు చూడండి. అది ఎండిపోతే నీళ్లు కారవు కానీ పంపు గాలి లాగుతుంది. అనుమానముంటే పంపు ముందు ఒక జాన పొడవు పారదర్శకమైన గట్టి హోస్ బిగించి చూడండి. గాలి బుడగలు కనబడతాయి.

ఇంపెల్లర్ తీశాక ఒక్కో రెక్కనూ వంచి మొదట్లో చీలిక ఉందేమో చూడాలి. రెక్క ఊడి ఉంటే కొత్తది వేసేసి ఊరుకోవద్దు. ఆ ముక్క ఎక్స్ఛేంజర్ నోట్లోనో, మధ్య హోస్ వంపులోనో ఉంటుంది. అది దొరికేదాకా పని అయినట్టు కాదు. కొత్తదానికి గ్లిజరిన్ గానీ సబ్బునీళ్లు గానీ రాయాలి, గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బుతుంది. పంపు మూత లోపలివైపు గోరు తగిలేంత గాడి పడితే కొత్త ఇంపెల్లర్ కూడా సరిగా లాగదు, మూత మార్చాల్సిందే.

ఎక్స్ఛేంజర్ రెండు చివరల మూతలు విప్పి, ట్యూబుల్లో సన్నని చెక్క పుల్ల తోయండి. ఇనుప ఊచ వాడితే ట్యూబు చిల్లుపడుతుంది. మిగతా లోహాల బదులు తాను కరిగిపోయే జింకు కడ్డీ సగం కరిగితే మార్చేయాలి. విరిగిన జింకు ముక్కలే ట్యూబులకు అడ్డం పడుతుంటాయి. గట్టి పొర ఉంటే ముందు జింకు తీసేసి, లీటరు గోరువెచ్చని నీటికి 100 గ్రాముల సిట్రిక్ యాసిడ్ కలిపి, బుడగలు ఆగేదాకా నానబెట్టి మంచినీళ్లతో బాగా కడగండి. అల్యూమినియం భాగాలకు మాత్రం యాసిడ్ తగలనివ్వద్దు. పొగ గొట్టంలోకే ఉప్పునీరు వదిలే ఇంజన్లకు ఆ కలిసేచోటి వంపు పైపు (ఎల్బో) కూడా విప్పాలి. అక్కడ మసీ ఉప్పూ గడ్డకట్టి దారి ఇరుకవుతుంది.

ఇంతవరకూ బాగుంటే కూలెంట్ వైపు రండి. మట్టం, బెల్టు బిగువు చూడండి. కూలెంట్ వేడెక్కాక దారి తెరిచే థర్మోస్టాట్‌ను గిన్నెలో నీళ్లు పోసి, దారంతో వేలాడదీసి, థర్మామీటరు పెట్టి కాచండి. దానిమీద కొట్టిన డిగ్రీల దగ్గరే తెరుచుకోవడం మొదలవ్వాలి. తీసి అవతల పారేస్తే చల్లగా ఉంటుందని కొందరి నమ్మకం. చాలా ఇంజన్లలో అప్పుడు కూలెంట్ చాలావరకు ఎక్స్ఛేంజర్‌కు పోకుండా పక్కదారి (బైపాస్)లోనే తిరిగి, వేడి ఇంకా పెరుగుతుంది.

చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన వెంటనే కూలెంట్ పోసే హెడర్ ట్యాంకులో బుడగలు ఆగకుండా వస్తే హెడ్ గ్యాస్కెట్ (బ్లాకుకూ, పైన బిగించే హెడ్‌కూ మధ్య ఉండే పలక) మీద అనుమానం పెట్టుకోవచ్చు. ఆయిల్ మజ్జిగలా తెల్లబారితే నీళ్లు కలిశాయి, ఇక ఆ ఇంజన్ తిప్పొద్దు. నల్లపొగతో పాటు రేస్ అందకపోతే కూలింగ్ జోలికి పోకుండా ఫ్యాన్‌కు (ప్రొపెల్లర్‌కు) వల గానీ తాడు గానీ చుట్టుకుందేమో, అడుగున గుల్లలు దట్టంగా పట్టాయేమో చూడండి.