పెద్ద బ్యాటరీ నిండుగానే ఉంది, కారు మాత్రం లేవదు

అమెరికాలో అబ్బాయి దగ్గర మూడు నెలలుండి వచ్చేసరికి సెల్లార్లోని మా ఎలక్ట్రిక్ కారు రిమోట్‌కి ఉలకలేదు, పలకలేదు. వెళ్లేముందు మెయింటెయినర్ (కారులోని చిన్న బ్యాటరీ దిగిపోకుండా మెల్లగా నింపుతూ ఉండే ఛార్జరు) కూడా తగిలించే వెళ్లాను. అదెందుకు పనిచేయలేదో కింద వస్తుంది.

డోరు తెరుచుకోదు, ఛార్జింగ్ ఎక్కదు

ముందుగా అనుమానించాల్సింది 12 వోల్టుల చిన్న బ్యాటరీని. పెద్ద బ్యాటరీని కారుకి కలిపే కాంటాక్టర్లు మూసుకోవాలంటే దీని కరెంటే కావాలి. కారు ఆన్‌లో ఉంటే, పెద్ద బ్యాటరీ వోల్టేజీని తగ్గించి ఇచ్చే డీసీ-డీసీ కన్వర్టర్ ఈ చిన్నదాన్ని నింపుతుంది. ఆపేశాక కూడా అలారం, ఫోన్ యాప్‌కి జవాబిచ్చే యూనిట్ కొంచెం కొంచెం లాగుతూనే ఉంటాయి. 50 మిల్లీఆంపియర్లనుకున్నా రోజుకి 1.2 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే ఒక ఆంపియర్ గంటసేపు), 40 ఏహెచ్ బ్యాటరీ 17 రోజుల్లో సగమవుతుంది. డాష్‌క్యామ్ ఉంటే ఇంకా ముందే. కొన్ని కార్లు మధ్యలో లేచి నింపుకుంటాయి, అన్నీ కాదు.

రిమోట్‌లో దాచిన తాళంచెవితో డోరు తీసి, చిన్న బ్యాటరీకి మల్టీమీటర్ (వోల్టులు కొలిచేది) పెట్టండి. లెడ్ యాసిడ్ అయితే 12.6 వోల్టులు నిండు, 12.2 సగం, 12 కంటే తక్కువైతే దాదాపు ఖాళీ. ఆరెంజ్ రంగు వైర్లు పెద్ద బ్యాటరీ హై వోల్టేజీవి, వాటి జోలికి మాత్రం పోవద్దు.

మెయింటెయినర్ పెట్టినా దిగిపోయింది

మా కథ ఇదే. సెల్లార్లో ఊరికే వెలుగుతోందని ఎవరో స్విచ్ ఆపేశారు, పుణ్యాత్ములు! ఇప్పుడు స్విచ్ మీద టేపేసి, కాగితం మీద రాసి అంటించాను. సాకెట్ బాగానే ఉంటే మెయింటెయినర్ వైరులోని ఫ్యూజు చూడండి. నల్ల క్లిప్పు రంగు వేసిన రేకు మీద పెట్టినా కరెంటు పారదు. మాన్యువల్లో చూపిన ఎర్తింగ్ బోల్టుకే తగిలించాలి. ఎర్రది ముందు, నల్లది తర్వాత, ప్లగ్గు చివర్న.

తగిలించగానే ఎర్రర్ లైటు

బ్యాటరీ మరీ పడిపోతే చాలా స్మార్ట్ మెయింటెయినర్లు దాన్ని గుర్తించవు. రికవరీ మోడ్ ఉంటే వాడండి, లేకపోతే బ్యాటరీ షాపులో కాస్త ఎక్కించుకుని రండి. పాత ట్రాన్స్‌ఫార్మర్ ఛార్జరును రోజుల తరబడి వదిలేస్తే బ్యాటరీ ఉడికిపోతుంది. మీ కారులో 12 వోల్టులది లిథియం రకమైతే లెడ్ యాసిడ్ మెయింటెయినర్ అసలు వాడొద్దు. దానికని రాసి ఉన్నదే కొనండి.

ఫుల్ చూపించి, రెండు రోజులకే మళ్లీ డౌన్

నిండాక బ్యాటరీ వైర్లు విప్పి ఒక రాత్రి ఉంచి కొలవండి. తెల్లారేసరికి 12.4 కంటే దిగితే సల్ఫేషన్ (ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడటం) పట్టిందో, సెల్లే పోయిందో, మార్చేయడమే. 12.6 దగ్గరే నిలబడితే బ్యాటరీది తప్పు కాదు, కారులోనే ఏదో తాగుతోంది. డాష్‌క్యామ్, బయట పెట్టించిన జీపీఎస్ ట్రాకర్ ఒక్కొక్కటే పీకి చూడండి.