థాయ్ రాజకీయాలను అర్థం చేసుకోవడం ఎలా: కోనసీమ నుంచి వెళ్ళే వారికి ఒక మార్గదర్శి

సంక్రాంతికి థాయిలాండ్‌లోని సముత్ సాఖోన్ నుంచి రాజోలు దగ్గరి మా ఊరు వచ్చిన ప్రతిసారీ అరుగు మీది వారు నన్ను రెండు ప్రశ్నలు అడుగుతారు. అక్కడ జీతం ఎంత అన్నది మొదటిది. అక్కడ ఏలేది రాజా, మిలటరీయా, ఓట్లతో గెలిచిన వారా అన్నది రెండోది. ఇంటికొకరు గల్ఫ్‌కు వెళ్ళివచ్చిన ఊరు కాబట్టి మొదటిదానికి జవాబు ఎవరికి వారే లెక్క కట్టుకోగలరు. రెండోదానికి మాత్రం, రొయ్యల కొనుగోలు పని మీద 2014 నుంచి అక్కడే ఉంటున్న నేను కూడా ఒక్క ముక్కలో జవాబు చెప్పలేను. ఆ జవాబును వెతుక్కునే పద్ధతి మాత్రం చెప్పగలను. ఉద్యోగానికో వ్యాపారానికో వెళ్ళదలచిన మన డెల్టా కుర్రవాళ్ళ కోసం దానినే ఇక్కడ రాస్తున్నాను.

వరి నుంచి మొదలుపెట్టండి

పార్టీల పేర్లు బట్టీ పట్టే ముందు వడ్ల ధర తెలుసుకోండి. బ్యాంకాక్ చుట్టూ ఉన్న చావో ఫ్రాయా డెల్టాను చూస్తే మన వారికి కొత్త దేశంలో ఉన్నామన్న భావన కలగదు. ధవళేశ్వరం ఆనకట్ట మనకు 1852లో పూర్తయితే, అక్కడ రంగ్‌సిత్ కాలువల తవ్వకం 1890లలో మొదలైంది, చైనాత్ దగ్గర చావో ఫ్రాయా ఆనకట్ట 1957లో పూర్తయింది. దాళ్వాకు నీరిస్తారా, కాలువ ఎప్పుడు కట్టేస్తారు అని మన రైతు ఎంత ఆందోళన పడతాడో అక్కడి రైతు కూడా రెండో పంటకు అంతే ఆందోళన పడతాడు. కానీ ఎన్నికల ఫలితాన్ని మార్చేది ఈ డెల్టా ఒక్కటే కాదు. ఈసాన్ అనే ఈశాన్య ప్రాంతం ఒకటుంది. ఆ పేరు మన సంస్కృతపు ‘ఈశాన్య’మే. కాలువలు తక్కువ, వర్షం మీదే ఆధారం, పిల్లలు బ్యాంకాక్‌కు కూలికి వెళ్ళే ఇళ్ళు ఎక్కువ, ఓట్లు కూడా ఎక్కువ. డెల్టాకూ మెట్టకూ ఉన్న తేడా తెలిసిన మనకు ఇంతకంటే వివరించనక్కరలేదు.

తక్సిన్ షినవత్ర 2001లో గెలిచి ప్రధాని అయింది ఆ ఓట్లతోనే. 30 బాత్ (బాత్ అంటే అక్కడి కరెన్సీ) ఇస్తే ప్రభుత్వాసుపత్రిలో వైద్యం చేసే పథకం, ఒక్కో గ్రామానికి 10 లక్షల బాత్ నిధి ఆయన ప్రభుత్వం తెచ్చినవే. మన రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ 2007లో వచ్చింది కాబట్టి, అలాంటి పథకం ఒక నాయకుడి పేరును ఎన్ని ఏళ్ళు ఇంటింటా నిలబెడుతుందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆయనను 2006 సెప్టెంబరు 19న సైన్యం దించింది. ఆయన చెల్లెలు యింగ్లక్ 2011లో గెలిచి, టన్ను తెల్ల వడ్లకు 15,000 బాత్ చొప్పున ప్రభుత్వమే కొంటుందని ప్రకటించారు. మార్కెట్ ధర అంతకంటే చాలా తక్కువగా ఉండేది. సరిగ్గా ఆ ఏడాది సెప్టెంబరులోనే మన దేశం బాస్మతి కాని బియ్యం ఎగుమతికి తలుపులు తెరిచింది. అక్కడ గోదాములలో బియ్యం మూలుగుతుండగా కాకినాడ రేవు నుంచి ఓడలు ఆఫ్రికాకు బయలుదేరాయి. 2012లో బియ్యం ఎగుమతిలో థాయిలాండ్‌ను దాటి మనం మొదటి స్థానానికి వెళ్ళాము. 2014 మే 7న రాజ్యాంగ న్యాయస్థానం ఒక అధికారి బదిలీ వ్యవహారంలో యింగ్లక్‌ను పదవి నుంచి తొలగించింది. 2017లో ఆ వడ్ల పథకంలోని నిర్లక్ష్యానికి ఆమెకు అయిదేళ్ళ శిక్ష పడింది. అప్పటికే ఆమె దేశం విడిచి వెళ్ళారు. ఈ ఒక్క కథ తెలుసుకుంటే తర్వాతి పదేళ్ళ వార్తలలో సగం వాటంతట అవే అర్థమవుతాయి.

ఓటు తర్వాత ఏం జరుగుతుందో చూడండి

మన దేశంలో లెక్కింపు రోజు సాయంత్రానికి కథ తేలిపోతుంది. అక్కడ అసలు కథ ఆ సాయంత్రం మొదలవుతుంది. ఈ తేడాను తలకెక్కించుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. 1932 జూన్ 24న రాజు సర్వాధికారాలు ముగిసిన నాటి నుంచి పన్నెండు సార్లైనా సైన్యం అధికారం చేజిక్కించుకుంది. 2017లో వచ్చినది ఇరవయ్యో రాజ్యాంగం. నేను వెళ్ళిన నాలుగో నెలలో, 2014 మే 22న, జనరల్ ప్రయుత్ చాన్-ఓచా అధికారం తీసుకున్నప్పుడు రాత్రి పది నుంచి తెల్లవారుజామున అయిదు దాకా కర్ఫ్యూ పెట్టారు. టీవీ చానళ్ళన్నిటిలో సైన్యం చిహ్నమే. నేను అన్నం కూడా సరిగా తినలేదు. మరునాడు ఉదయం రొయ్యల మార్కెట్టు మాత్రం ఎప్పటిలాగే తెరుచుకుంది. మా మేస్త్రీని అడిగితే, రొయ్యలు కుళ్ళడం ఆపమని జనరల్ గారు ఆదేశమివ్వలేదు కదా అన్నాడు. ఆ ధీమాను చూసి అంతా సవ్యంగా ఉందని అనుకోవడం మాత్రం పొరపాటు. అలవాటు వేరు, అంగీకారం వేరు.

2023 మే 14 ఎన్నికను ఉదాహరణగా తీసుకొని అభ్యాసం చేయండి. దిగువ సభలో 500 స్థానాలు. యువకుల అభిమానం పొందిన మూవ్ ఫార్వర్డ్ పార్టీకి 151, తక్సిన్ వర్గపు ఫ్యూ థాయ్ పార్టీకి 141 వచ్చాయి. అయినా మొదటి పార్టీ నాయకుడు పీతా ప్రధాని కాలేకపోయారు, ఎందుకంటే సైనిక పాలన కాలంలో నియమితులైన 250 మంది సెనేటర్లకు కూడా ప్రధాని ఎన్నికలో ఓటు ఉండేది. చివరకు ఫ్యూ థాయ్ తన పాత ప్రత్యర్థులతోనే చేతులు కలిపి స్రెత్తా తవిసిన్‌ను ప్రధానిని చేసింది. 2024 ఆగస్టులో వారం వ్యవధిలో న్యాయస్థానం మూవ్ ఫార్వర్డ్‌ను రద్దు చేసింది, స్రెత్తాను తొలగించింది. తర్వాత వచ్చిన తక్సిన్ కుమార్తె పేతోంగ్‌తాన్‌ను కంబోడియా నాయకుడు హున్ సేన్‌తో జరిపిన ఫోన్ సంభాషణ బయటపడిన కారణంగా 2025 ఆగస్టు 29న అదే న్యాయస్థానం తొలగించగా, సెప్టెంబరు 5న భూమ్‌జాయ్‌థాయ్ పార్టీకి చెందిన అనుతిన్ చార్న్‌విరకుల్ ప్రధానిగా ఎన్నికయ్యారు. కాబట్టి ఎవరు గెలిచారు అన్న ప్రశ్న వెంటనే, సెనేట్ ఏమంటోంది, న్యాయస్థానం ముందు ఏ పిటిషన్ ఉంది, సైన్యాధిపతి ఏం మాట్లాడారు అన్న మూడు ప్రశ్నలూ వేసుకోండి. ఇప్పటి సెనేట్‌కు ప్రధానిని ఎన్నుకునే ఓటు లేదు, కానీ స్వతంత్ర సంస్థల నియామకాలను ఆమోదించే అధికారం దాని చేతిలోనే ఉంది.

ఇక్కడ మన వారు చేసే ఒక తప్పును ప్రత్యేకంగా చెప్పాలి. ఫలానా నాయకుడు అక్కడి ఎన్టీఆర్, ఫలానా పార్టీ అక్కడి కాంగ్రెస్ అని పోల్చుకొని తృప్తి పడతారు. పథకాల వరకు పోలిక పనికొస్తుంది. అధికారం ఎక్కడ ఉందన్న విషయంలో ఆ పోలిక మిమ్మల్ని దారి తప్పిస్తుంది.

నోరు ఎక్కడ ఆపాలి

అత్తారింటికి వెళ్ళిన కొత్తల్లుడికి మన గోదావరి జిల్లాల్లో జరగని మర్యాద ఉండదు, ఆ ఇంటి ఆస్తి తగాదాలో చెప్పగలిగే మాటా ఉండదు. విదేశీయుడి స్థానం అక్కడ అదే. రాజు, రాణి, యువరాజు, రాజప్రతినిధి గురించి అవమానకరంగా మాట్లాడితే నేరస్మృతి 112వ సెక్షను కింద ఒక్కో అభియోగానికి 3 నుంచి 15 ఏళ్ళ జైలు. సామాజిక మాధ్యమాల్లో ఎవరో రాసినదాన్ని షేర్ చేసినందుకు శిక్ష పడిన వారున్నారు. తెలుగులో రాస్తే ఎవరికి తెలుస్తుంది అనుకునే వారు నాకు తారసపడ్డారు. అనువదించే యంత్రాలు వచ్చిన కాలంలో ఆ ధైర్యం తగదు. ఊరి వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే రాజకుటుంబపు హాస్యాలను తెరవగానే తొలగించడం నేను పెట్టుకున్న నియమం. ఉదయం ఎనిమిదింటికీ సాయంత్రం ఆరింటికీ రైల్వే స్టేషన్లలో, పార్కుల్లో జాతీయ గీతం వినిపిస్తుంది. అందరితో పాటు నిలబడండి. గాలికి ఎగిరే నోటును కాలితో తొక్కి ఆపకండి, దాని మీద రాజు బొమ్మ ఉంటుంది.

ఊరేగింపులు, సభలు దూరం నుంచి కూడా చూడనక్కరలేదు. ఎన్నికల ముందు రోజు సాయంత్రం ఆరు నుంచి మరునాడు సాయంత్రం ఆరు దాకా మద్యం అమ్మకం ఉండదు కాబట్టి, ఓటు లేని మన వారికి కూడా ఎన్నిక వచ్చిన సంగతి తెలుస్తుంది. మన డెల్టా వారికి మరీ అవసరమైన హెచ్చరిక పేకాట గురించి. 1935 నాటి చట్టం ప్రకారం ఒకరి దగ్గర 120 పేకముక్కలకు మించి ఉండరాదు. 2016లో పట్టాయాలో బ్రిడ్జి ఆడుతున్న వృద్ధ విదేశీయులను ఈ చట్టం కిందే పోలీసులు పట్టుకెళ్ళారు. కోడిపందేలకు మాత్రం అక్కడ లైసెన్సు ఉన్న బరులున్నాయి, అక్కడి కోళ్ళకు కత్తులు కట్టరు. ఈ సంగతి భీమవరం వైపు స్నేహితులకు చెబితే, ముందు ఆశ్చర్యపోయి, తర్వాత కత్తి లేని పందెం ఏం పందెం అని పెదవి విరిచారు.

వినడం నేర్చుకోండి

ఆంగ్లంలో వచ్చే బ్యాంకాక్ పోస్ట్, థాయ్ పీబీఎస్ వరల్డ్, ఖావోసోద్ ఇంగ్లీష్ రోజూ చూడండి, కానీ వాటిలో లేనిది బజారులో దొరుకుతుంది. అక్కడ పలకరింపు ‘గిన్ ఖావ్ రూ యాంగ్’, అంటే అన్నం తిన్నావా అని. తనకంటే పెద్దవారిని ‘ఫీ’ అని, చిన్నవారిని ‘నోంగ్’ అని పిలుస్తారు. అన్నా, తమ్ముడూ అని పిలిచే అలవాటున్న మనకు ఇది సులువు. ‘క్రెంగ్ జాయ్’ అన్న మాటను ఆంగ్లంలో వివరించడానికి తెల్లవారు పేజీలు పేజీలు రాశారు. తెలుగులో అది మొహమాటం, ఒక్క మాటతో సరి. ప్రభుత్వం గురించి మీరు సూటిగా అడిగితే ఆ మొహమాటం వల్లనే నవ్వి ఊరుకుంటారు. మేత ధర, కరెంటు బిల్లు, కొడుకు సైనిక సేవకు చీటీ తీసిన రోజు గురించి అడగండి. రాజకీయం దానంతట అదే వస్తుంది. ఇరవై ఒకటో ఏట అబ్బాయిలు చీటీ తీయాలి: నల్ల చీటీ వస్తే ఇంటికి, ఎర్ర చీటీ వస్తే సైన్యానికి. ప్రతి ఏప్రిల్‌లోనూ మా ఫ్యాక్టరీలో ఏదో ఒక తల్లి ఆ రోజు సెలవు పెడుతుంది. సైన్యం గురించి ఆ తల్లుల నుంచి విన్నంత నేను ఏ పత్రికలోనూ చదవలేదు.

ప్రభుత్వ కాగితాల్లో సంవత్సరం మనదానికంటే 543 ఎక్కువ. 2025 వారికి 2568. దీన్ని గమనించక గడువు తేదీని తప్పు చదివి నేను ఒకసారి జరిమానా కట్టాను.

ప్రపంచ వార్తలను చెరువు గట్టు మీద నిలబడి చూడండి

2025 ఆగస్టులో అమెరికా థాయ్ సరుకు మీద 19 శాతం, మన సరుకు మీద 50 శాతం అదనపు సుంకం వేసినప్పుడు భీమవరంలో రొయ్య కౌంటు ధర పడిపోయిందని మా బావమరిది ఫోను చేశాడు; అదే వారం సముత్ సాఖోన్‌లో కొత్త ఆర్డర్ల గురించి మాట్లాడుకున్నారు. ఒకే సముద్రానికి రెండు ఒడ్డులు. 2023 జూలైలో మన ప్రభుత్వం తెల్ల బియ్యం ఎగుమతి ఆపినప్పుడు అక్కడి ధరలు ఎన్నో ఏళ్ళలో చూడనంత పెరిగాయి. ఇలా రెండు వైపులా సరుకు ధర రాసి పెట్టుకుంటే, ఏ దేశాధినేత ఎవరిని కౌగిలించుకున్నాడన్న దానికంటే ఎక్కువ తెలుస్తుంది. కంబోడియా సరిహద్దు సంగతి దీనికి భిన్నం. ప్రేహ్ విహియర్ గుడి కంబోడియాదేనని 1962లో అంతర్జాతీయ న్యాయస్థానం తీర్పు చెప్పినా ఆ గాయం మానలేదు, 2025 జూలైలో అయిదు రోజులు ఫిరంగులు పేలాయి. ఎంత దగ్గరి స్నేహితుడి ముందైనా ఆ గుడి గురించి తీర్పు చెప్పకండి.

బయలుదేరే ముందు

కాగితాల సంగతి క్లుప్తంగా. 2024 జూలైలో భారతీయులకు వీసా లేకుండా 60 రోజులు ఉండే వీలు కల్పించారు, 2025 మే నుంచి రాకకు ముందు మూడు రోజుల లోపు డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. ఈ నియమాలు తరచుగా మారుతాయి కాబట్టి టికెట్టు కొనే వారంలోనే రాయబార కార్యాలయం వెబ్‌సైటు చూసుకోండి. పర్యటనకు వచ్చి పని చేయడం నేరం. వర్క్ పర్మిట్ వచ్చాక కూడా 90 రోజులకొకసారి చిరునామా తెలియజేయాలి. భూమి కొనలేరు, అపార్టుమెంటు కొనవచ్చు, అదీ భవనం విస్తీర్ణంలో విదేశీయుల వాటా 49 శాతం దాటనంత వరకే.

డేటా ఎంట్రీ ఉద్యోగం, లక్ష రూపాయల జీతం, టికెట్టు మేమే కొంటాం అన్న ఏజెంటు మీ ఊరికి కూడా వచ్చి ఉంటాడు. అలా వెళ్ళిన మన కుర్రవాళ్ళను బ్యాంకాక్‌లో దించి, పడమటి సరిహద్దులోని మే సోట్ దాకా కారులో తీసుకెళ్ళి, మోయి నది దాటించి మయన్మార్‌లోని మ్యావడీ చుట్టుపక్కల సైబర్ మోసాల శిబిరాల్లో పెట్టారు. 2025 మార్చిలో వందల మంది భారతీయులను వాయుసేన విమానాలు మే సోట్ నుంచి వెనక్కి తెచ్చాయి. ఏజెంటుకు విదేశాంగ శాఖ ఇచ్చిన లైసెన్సు సంఖ్య ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడండి. పదో తరగతి పాస్ కాని వారి పాస్‌పోర్టు మీద సాధారణంగా ఈసీఆర్ ముద్ర ఉంటుంది. ఆ ముద్ర ఉన్నవారికి థాయిలాండ్ ఉద్యోగానికి ముందస్తు అనుమతి తప్పనిసరి. దిగాక బండి నగరం వైపు కాక పడమరకు గంటల తరబడి సాగుతుంటే, పెట్రోలు బంకు దగ్గర ఆగినప్పుడే పాస్‌పోర్టుతో సహా దిగిపోయి, జనం మధ్య నిలబడి, టూరిస్టు పోలీసుల 1155 నంబరుకు ఫోను చేయండి. ఆ నంబరును రాజమండ్రి విమానాశ్రయంలోనే ఫోనులో వేసుకోండి.