ఎబోలా మృతుడి ఇంటికి ఖనన బృందం ఎలా వెళ్లాలి

రక్షణ సూటు, ముసుగు వేసుకునే బండి దిగారో, సగం పని అక్కడే చెడుతుంది. కుటుంబాల ఆచారాన్ని కాదంటే ఏమవుతుందో చూడండి: 2014లో ఎబోలా ప్రబలినప్పుడు లైబీరియా రాజధాని మన్రోవియాలో దహనం తప్పనిసరి చేశాక కొందరు శవాలను దాచేశారు. అక్కడ పూడ్చడమే ఆచారం మరి!

మామూలు బట్టల్లోనే దిగండి. ఇంటిపెద్దను పరామర్శించి, ఏం చేయబోతున్నారో చెప్పండి. సరేనన్నాకే, వాళ్ల కళ్లెదుటే సూటు తొడుక్కోండి. శవంలో వైరస్ బతికే ఉంటుంది కాబట్టి స్నానం చేయించడం కుదరదు. ముస్లింలైతే బృందంలోని ముస్లిం సభ్యుడు గ్లోవ్స్‌తో, శవాన్ని పెట్టిన సంచి మీదే తయమ్మం (నీళ్లు లేకుండా మట్టితో చేసే శుద్ధి) చేసి, పైన తెల్ల కఫన్ (శవానికి చుట్టే బట్ట) చుట్టొచ్చు. సంచి పైన 0.5 శాతం క్లోరిన్ ద్రావణం చల్లండి. చేతులు కడుక్కోవడానికి 0.05 శాతమే. బకెట్లు తారుమారైతే చర్మం మండిపోతుంది, అందుకే పెద్దక్షరాలతో రాసిపెట్టండి. ప్రార్థన చేయడానికి, గుంటలో మట్టి వేయడానికి బంధువులను పిలవండి. సమాధికి పేరు పలక తప్పనిసరి.