మోటారు వేస్తే, ఇన్వర్టర్ అందుకుంటే వైఫై మందగిస్తోందా?

వైఫై రోజంతా ఒకేలా నెమ్మదిగా ఉంటే ఆ సంగతి వేరు. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకున్నప్పుడో, నీళ్ల మోటారు వేసినప్పుడో, మైక్రోవేవ్‌లో కూర వేడి చేస్తున్నప్పుడో మాత్రమే వీడియో ఆగిపోతుంటే ఇంటర్నెట్ ప్లాన్ పెంచుకుని లాభం లేదు. తేడా ఇంట్లోనే ఉంది. అది గాలిలో ఉండవచ్చు, రౌటర్ నుంచి వెళ్లే నెట్‌వర్క్ తీగలో, అంటే లాన్ కేబుల్‌లో ఉండవచ్చు, రౌటర్‌కు అందే కరెంటులోనూ ఉండవచ్చు.

ముందు ఒక పరీక్ష

ల్యాప్‌టాప్ నుంచి రౌటర్ చిరునామాకు ఆగకుండా పింగ్ నడిచేలా పెట్టండి. పింగ్ అంటే చిన్న సందేశం పంపి, జవాబు ఎన్ని మిల్లీసెకన్లలో వచ్చిందో చూపే ఆదేశం. చాలా ఇళ్లలో అది 192.168.1.1. కాకపోతే రౌటర్ అడుగున ఉన్న స్టిక్కర్ చూడండి. రౌటర్ దగ్గర కూర్చుంటే జవాబు కొద్ది మిల్లీసెకన్లలో రావాలి. ఇప్పుడు ఇంట్లో ఎవరినైనా మోటారు, మైక్రోవేవ్ ఒక్కొక్కటిగా వేయమనండి. ఆ తర్వాత మెయిన్ స్విచ్ ఆపి ఇన్వర్టర్ మీద చూడండి. దేనితో అంకె వందలకు ఎగబాకుతుందో, దేనితో జవాబే రాదో రాసుకోండి.

మైక్రోవేవ్ వేసినప్పుడు మాత్రమే

మైక్రోవేవ్ పనిచేసేది 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర. వైఫై 2.4 గిగాహెర్ట్జ్ పట్టీ (బ్యాండ్) కూడా అక్కడే ఉంటుంది. ఫోనును, టీవీని 5 గిగాహెర్ట్జ్‌కు మార్చండి. రెండు పట్టీలకూ ఒకే పేరు ఉంటే ఫోను 2.4కే అతుక్కుపోవచ్చు కాబట్టి రౌటర్ సెట్టింగుల్లో పేర్లు విడదీయండి. 2.4 మాత్రమే అందుకునే స్మార్ట్ బల్బుల వంటివి ఉంటే, ఆ రౌటర్‌ను వంటింటికి దూరంగా జరపండి.

ఇన్వర్టర్ దగ్గర ఎప్పుడూ, కరెంటు పోయినప్పుడు మరీను

అందరూ ఇన్వర్టర్ తరంగాలనే తిడతారు. నిజానికి ఇన్వర్టర్ పుట్టించే విద్యుత్ రొద ఎక్కువగా చాలా తక్కువ పౌనఃపున్యాల్లో ఉంటుంది, గిగాహెర్ట్జ్‌ల దాకా రావడం అరుదు. అసలు కారణాలు వేరే. రౌటర్‌ను ఇన్వర్టర్ మీదో, బ్యాటరీ వెనకో పెడతారు. ఇనుప డబ్బా, బ్యాటరీలోని సీసం పలకలు సిగ్నల్‌కు అడ్డుగోడలే. గోడకు మనిషి తల ఎత్తున, కనీసం రెండు మీటర్ల దూరంలో బిగించి చూడండి.

ఇక రెండోది, ఎవరూ పట్టించుకోనిది, రౌటర్ అడాప్టర్. దాని మీద 12 వోల్టులు, 1 ఆంపియర్ అనో, 2 ఆంపియర్లు అనో రాసి ఉంటుంది. ఏళ్ల తరబడి వేడెక్కి లోపలి కెపాసిటర్లు ఎండిపోతే, మామూలు రోజుల్లో లాక్కొచ్చి, వోల్టేజి కాస్త ఊగగానే తడబడుతుంది. కరెంటు మారిన క్షణంలో రౌటర్ దీపాలన్నీ ఒక్కసారి ఆరి వెలిగితే అడాప్టర్‌ను అనుమానించండి. అదే వోల్టేజి, అంతే లేదా అంతకంటే ఎక్కువ ఆంపియర్లు, అదే పిన్ ఉన్న మంచి అడాప్టర్ వేసి చూడండి. చాలా ఇళ్లలో కథ ఇక్కడితో తీరిపోతుంది.

తీరకపోతే ఇన్వర్టర్ మీద యూపీఎస్, నార్మల్ అనే మీట ఉందేమో చూడండి. యూపీఎస్‌లో ఉంచితే మార్పిడి త్వరగా జరుగుతుంది, రౌటర్ ఆరిపోదు. కానీ ఆ పద్ధతి వోల్టేజి హెచ్చుతగ్గులను అంతగా సహించదు. వేసవిలో లో వోల్టేజి ఉండే ఊళ్లలో మాటిమాటికీ బ్యాటరీకి మారుతుంది. అలాంటి చోట రౌటర్‌కు విడిగా చిన్న డీసీ యూపీఎస్, అంటే రౌటర్‌కు నేరుగా కరెంటు ఇచ్చే చిన్న బ్యాటరీ పెట్టె, పెట్టడమే మేలు.

మోటారు వేయగానే

మోటారు మొదలయ్యేటప్పుడు మామూలుగా నడిచేటప్పటికంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. లైట్లు కూడా మసకబారితే అది వోల్టేజి పడిపోవడమే. మోటారుకు వేరే ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే ఆగే స్విచ్), వేరే తీగ వేయించాలి, ఎర్తింగ్ చూపించాలి. లైట్లు మారకుండా, పై అంతస్తుకు కేబుల్‌తో వెళ్లిన రెండో రౌటర్ మాత్రమే తెగిపోతుంటే, లాన్ కేబుల్ మోటారు తీగతో పాటు ఒకే పైపులో వెళ్తుండవచ్చు. విడిగా, కనీసం అడుగు దూరంలో లాగించండి. దాటక తప్పని చోట అడ్డంగా దాటించండి, పక్కపక్కనే నడిపించకండి. ఫైబర్ తీగలో వెళ్లేది కాంతి కాబట్టి దానికి ఈ బాధ లేదు.

మెయిన్ స్విచ్ ఆపడం వరకే మీ పని; తీగలు, ఎంసీబీ పెట్టె లోపలి జోలికి మీరు వెళ్లవద్దు, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. అన్నీ ఆపేసినా రౌటర్ దాకా పింగ్ బాగుండి, బయటి సైట్లు మాత్రమే నెమ్మదిస్తుంటే అప్పుడు రాసుకున్న అంకెలతో ఇంటర్నెట్ కంపెనీకి ఫిర్యాదు చేయండి.