ప్రయాణానికి ముందు నార్వేజియన్ – మూడవ పాఠం: పోగుచేసిన వనరులను వడగట్టడం

గత పాఠం చివర, నార్వేజియన్ నేర్చుకోవడానికి పనికివచ్చే వనరులను ఎవరికి వారు వెతికి జాబితా రాసుకొమ్మని చెప్పాను. ఈ పాఠంలో మామూలు వాక్యంలో క్రియ రెండవ స్థానంలో ఎందుకు నిలుస్తుందో మొదలుపెట్టవలసి ఉంది. కానీ మీ జాబితాలూ, వాటితోపాటు వచ్చిన ప్రశ్నలూ చూశాక ఆ సంగతిని వచ్చే పాఠానికి జరపక తప్పడం లేదు. జాబితాలు బారెడు పొడవున ఉన్నాయి; ప్రశ్న మాత్రం ఎక్కువమందిది ఒకటే. "బిడ్డ అనే అర్థం గల మాటను ఒకచోట ‘బాణ్’ అంటున్నారు, ఇంకోచోట ‘బార్న్’ అంటున్నారు, ఏది తప్పు?" అని అడిగారు. రెండూ ఒప్పే. రెండింటినీ ఒకే వారంలో కలిపి వినడమే మీకు తెచ్చిన చిక్కు.

నార్వేలో మాట్లాడే భాషకు ప్రభుత్వం నిర్ణయించిన ప్రామాణిక రూపం లేదు. అక్కడ మంత్రి పార్లమెంటులోనూ, విలేకరి టెలివిజన్‌లోనూ తమ ఊరి యాసలోనే మాట్లాడతారు, దానిని ఎవరూ నామోషీగా భావించరు. ఓస్లో, ట్రాండ్‌హైమ్, ట్రోమ్సో వైపు ‘ర’ తరువాత ‘న’ వస్తే రెండూ కలిసి నాలుక మడతపడిన ‘ణ’ అవుతుంది. బెర్గెన్, స్టావాంగెర్, క్రిస్టియాన్‌సాండ్ వైపు ‘ర’ గొంతు లోపలినుంచి వస్తుంది కనుక ఆ మడత పడదు, ‘ర’, ‘న’ విడివిడిగానే వినిపిస్తాయి. ‘నేను’ అన్న చిన్న మాటను తీసుకున్నా, ఓస్లోలో ‘యై’, బెర్గెన్‌లో ‘ఏగ్’, ట్రాండ్‌హైమ్‌లో అయితే ‘మేక’ అనే మాటలో మనం నోరు వెడల్పుగా తెరిచి పలికే ఏకారం వంటి ఒక్క అచ్చు, అంతే.

అందుచేత వడపోతలో మొదటి ప్రశ్న "ఈ వనరు మంచిదా?" అన్నది కాదు, "ఈ గొంతు ఏ ఊరిది?" అన్నది. మీరు దిగబోయే ఊరి పేరు ఒక కాగితం మీద రాసుకొని, జాబితాలోని ప్రతి వనరు పక్కన ఆ గొంతు ఏ ప్రాంతానిదో రాయండి. ఓస్లోలో దిగి వారం రోజులు తిరిగి వచ్చేవారికి ఓస్లో వైపు ఉచ్చారణ చాలు, దొరికే పాఠాలలో అధికభాగం దానిలోనే ఉంటాయి కూడా. బెర్గెన్‌లో ఉద్యోగానికో, భర్త దగ్గరకో భార్య దగ్గరకో వెళ్ళేవారు సైతం ఓస్లో గొంతుతోనే మొదలుపెట్టవచ్చు, కానీ ప్రయాణానికి నెల ముందునుంచి బెర్గెన్ గొంతులు వినడం అలవాటు చేసుకోవాలి. మాట్లాడేది ఒక గొంతులోనే ఉండాలి, వినేది మాత్రం తరువాత పెంచుకోవచ్చు.

ట్రాండ్‌హైమ్‌లోని ఎన్‌టీఎన్‌యూ విశ్వవిద్యాలయం ఉచితంగా అందిస్తున్న ‘నార్వేజియన్ ఆన్ ది వెబ్’ పాఠ్యక్రమాన్ని నేను అన్నింటికంటే ముందు పెడతాను. సంభాషణ, దాని పాఠ్యం, పదాల పట్టిక, వ్యాకరణం, అభ్యాసం అన్నీ ఒకే చోట ఉండడం ఒక కారణం. సంభాషణలను వేర్వేరు ప్రాంతాల యాసలలో కూడా వినిపించడం రెండవ కారణం, అసలు కారణం. అదే విశ్వవిద్యాలయం తయారుచేసిన ‘కాల్‌స్ట్’ అనే ఉచ్చారణ సాధనం, మీ మాతృభాష ఏమిటో, మీకు ఏ ప్రాంతపు నార్వేజియన్ కావాలో ముందే అడిగి, దానికి తగిన అభ్యాసాలను ముందుకు తెస్తుంది. ఫోనులో భాషలు నేర్పే డుఓలింగో యాప్‌ను ప్రధాన పాఠంగా పెట్టుకున్నవారు చాలామంది కనిపించారు. పదాలు గుర్తుండడానికి అది ఉపకరిస్తుంది, కాదనను, కానీ అందులోని గొంతు యంత్రం చేసిన గొంతు. బస్సు కోసం ఎదురుచూస్తూ చేసుకోవడానికి ఉంచుకోండి, పాఠం స్థానంలో మాత్రం కూర్చోబెట్టవద్దు.

ఇక మాట్లాడే యాసల సంగతికీ, రాసే రూపాల సంగతికీ ముడిపెట్టి కలగాపులగం చేసినవారు ఉన్నారు. రాతకు రెండు అధికారిక రూపాలు ఉన్నాయి: బూక్‌మోల్, న్యూనొష్క్. డెన్మార్క్ పాలన కాలంనుంచి వచ్చిన రాత క్రమంగా మారుతూ మొదటిదైంది. ఈవార్ ఓసెన్ పల్లెల యాసలను సేకరించి కూర్చిన భాషనుంచి రెండవది వచ్చింది. 1885లో పార్లమెంటు రెండింటికీ సమాన హోదా ఇచ్చింది, ఇప్పుడున్న పేర్లు 1929 నాటివి. విదేశీయుల కోసం తయారైన వనరులలో దాదాపు అన్నీ బూక్‌మోల్‌లోనే ఉంటాయి, మీరూ అదే నేర్చుకోండి. అయితే న్యూనొష్క్‌ను చూసి గుర్తుపట్టగలగాలి. జాతీయ ప్రసార సంస్థ ఎన్‌ఆర్‌కే కనీసం నాలుగింట ఒక వంతు న్యూనొష్క్ వాడాలన్న నిబంధన ఉంది, పశ్చిమ తీరంలో బస్సు సూచనలు కూడా ఆ రాతలో కనిపిస్తాయి. ‘లేదు, కాదు’ అన్న అర్థంలో ‘ఇక్కె’కు బదులు ‘ఇక్యె’ అని, ‘నోర్గె’కు బదులు ‘నోరెగ్’ అని కనిపిస్తే కంగారు పడవద్దు, వనరు పాడైపోలేదు.

ఇప్పుడు నన్ను నిజంగా విసిగించిన విషయానికి వస్తాను. పంపిన నోటు పుస్తకాల ఫొటోలలో ఎక్కువభాగం నార్వేజియన్ మాటలను తెలుగు లిపిలో రాసుకున్నవే, కొందరు ఇంగ్లీషువారి కోసం తయారైన ఉచ్చారణ పట్టికలను చూసి, వాటిని మళ్ళీ తెలుగులోకి దింపుకున్నారు. నేను ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నది ఏ మాటను గురించి మాట్లాడుతున్నానో వేలు పెట్టి చూపడానికి మాత్రమే, దానిని మీ పుస్తకంలోకి ఎక్కించుకోవడానికి కాదు.

ఎందుకు వద్దంటున్నానో ఒకే మాటతో చూపుతాను. ‘నువ్వు’ అనడానికి నార్వేజియన్‌లో డీ, యూ అనే రెండక్షరాల మాట ఉంది. డీ, ఓ అనే రెండక్షరాలతో ఇంకొక మాట ఉంది, దానికి మరుగుదొడ్డి అని అర్థం. మీ పుస్తకాలలో రెండూ ‘దూ’ అనే ఉన్నాయి. రెండవదానిలోని అచ్చు మన ఊకారానికి దగ్గరే. మొదటిదానిలో పెదవులు గుండ్రంగా ఉండగానే నాలుక ముందుకు జరుగుతుంది, ఆ ధ్వనికి మన లిపిలో అక్షరం లేదు. తెలుగులో రాసుకొని చదివితే ఎదుటి మనిషిని మరుగుదొడ్డీ అని పిలిచినట్టవుతుంది. అలాగే ‘రైతులు’, ‘చిక్కుడు గింజలు’ అనే అర్థాలు గల రెండు మాటలు మన చెవికి రెండూ ‘బొన్నెర్’. వాటి మధ్య తేడా స్వరం ఎక్కడ లేచి ఎక్కడ దిగుతుందన్న దానిలో ఉంది. తెలుగు లిపి దానిని పట్టలేదు, ఇంగ్లీషు లిపి కూడా పట్టలేదు. పట్టగలిగింది చెవి ఒక్కటే.

విచిత్రమేమంటే, మనకు కలిసివచ్చే చోట కూడా ఇంగ్లీషు పట్టికలే మనను దెబ్బతీస్తాయి. ఇంగ్లీషు మాటలలోని ‘టీ’ అక్షరాన్ని మనం అలవాటుగా ‘ట’ అని రాస్తాం, ఆ అలవాటుతోనే కృతజ్ఞతలు చెప్పే మాటను అందరూ ‘టక్’ అని రాశారు. నార్వేజియన్‌లో ఆ అక్షరం పళ్ళకు తగిలే ‘త’, మాట మొదట్లో వస్తే కొంచెం ఊపిరి కలిసి ‘థ’కు దగ్గరవుతుంది. ‘ట’ వేరే ఉంది: ఓస్లో వైపు ‘ర’, ‘త’ కలిసినచోట అది పుడుతుంది. పిల్లిని ‘కత్త్’ అంటారు, పటాన్ని ‘కట్ట్’ అంటారు. రాతలో పటం అన్న మాటలో ‘ఆర్’ అక్షరం ఉంటుంది, పిల్లి అన్న మాటలో ‘టీ’ రెండుసార్లు వస్తుంది. పలికేటప్పుడు తేడా మొత్తం ‘త’, ‘ట’ల మధ్యనే. పర్యాటక కేంద్రంలో బల్ల ముందు నిలబడి పటం ఇవ్వండి అనబోయి పిల్లిని అడగడం ఎలా జరుగుతుందో ఇప్పుడు తెలిసే ఉంటుంది. ఇంగ్లీషు మాట్లాడేవారికి ఈ తేడా వినబడేలా చేయడానికి ఉపాధ్యాయులు వారాలు కష్టపడతారు, మనకు పుట్టుకతోనే వచ్చింది. ‘ణ’ను ‘బాణ్’లో విన్నారు, ముత్యం అన్న మాటలో ‘ళ’, భాష పేరైన ‘నొష్క్’లో ‘ష’ వినిపిస్తాయి. మాటకూ మాటకూ మధ్య కూడా ఇదే జరుగుతుంది: ‘నీ దగ్గర ఉందా’ అని అడిగేటప్పుడు ‘హార్ దూ’ అని విడదీయరు, ‘హాడూ’ అని కలిపేస్తారు. ఇంత సౌకర్యం చెవిలో పెట్టుకొని ఇంగ్లీషువారి కోసం రాసిన పట్టికను ఆశ్రయించడం నాకు అర్థం కాని విషయం.

కాబట్టి రెండవ వడపోత ఇది. ఏ వనరులోనైతే మనిషి గొంతు, ఆ గొంతు పలికిన మాటలకు సరిపోయే నార్వేజియన్ పాఠ్యం రెండూ పక్కపక్కన ఉంటాయో దానిని ఉంచండి. పాఠ్యం ఉండి గొంతు లేనిది నిఘంటువులా చూసుకోవడానికి సరిపోతుంది. గొంతు ఉండి పాఠ్యం లేనిదానిని రెండు నెలలు పక్కన పెట్టండి. ఉచ్చారణను ఇతర లిపిలో మాత్రమే ఇచ్చేదానిని కొట్టివేయండి.

జాబితాలలో ఉచితంగా దొరికిన పాత స్కాన్ పుస్తకాలు కొన్ని ఉన్నాయి, వాటి విషయంలో జాగ్రత్త. 1907కు ముందటి పుస్తకాలలోని రాత చాలావరకు డానిష్ రాతే. ‘యొక్క, నుండి’ అన్న అర్థంలో వచ్చే రెండక్షరాల మాట చివర ‘వీ’కి బదులు ‘ఎఫ్’ కనిపిస్తే అది పాత పుస్తకమైనా కావాలి, డానిష్ పుస్తకమైనా కావాలి. అంకెల సంగతి ఇంకా ముఖ్యం. పాత పద్ధతిలో ఇరవై రెండును ‘రెండూ ఇరవై’ అన్న వరుసలో చెప్పేవారు. 1951లో దానిని అధికారికంగా మార్చి, మన తెలుగులోలాగానే ఇరవై ముందు, రెండు తరువాత వచ్చేటట్టు పెట్టారు. వృద్ధుల నోట పాత పద్ధతి ఇప్పటికీ వినిపిస్తుంది గానీ, మీరు ధర చెప్పడానికి నేర్చుకోవలసింది కొత్తదే.

నిఘంటువుల గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. బెర్గెన్ విశ్వవిద్యాలయం, నార్వే భాషా మండలి కలిసి నిర్వహించే బూక్‌మోల్, న్యూనొష్క్ నిఘంటువులు ఒకే చోట ఉచితంగా దొరుకుతాయి, ప్రతి మాటకూ రూపాల పట్టిక ఉంటుంది. అర్థాలు నార్వేజియన్‌లోనే ఉంటాయి కనుక మొదట ‘లెక్సిన్’ సులువు. అక్కడికి వలస వచ్చినవారి కోసం తయారైన నిఘంటువు అది, బొమ్మలు కూడా ఉంటాయి. తెలుగు లేదు. ఉర్దూ, తమిళం ఉన్నాయి, కాబట్టి హైదరాబాదులో ఉర్దూ చదవడం నేర్చిన పాఠకులు ఇంగ్లీషు మీదుగా పోనక్కరలేదు.

వినడానికి ‘క్లార్ తాలె’ను ఎంచుకోండి. సులువైన నార్వేజియన్‌లో వచ్చే వార్తాపత్రిక అది, వార్తను చదివి వినిపిస్తుంది కూడా, పైన చెప్పిన రెండవ వడపోతకు చక్కగా నిలుస్తుంది. ఎన్‌ఆర్‌కే కార్యక్రమాలలో కొన్ని దేశం బయట తెరుచుకోవు, వాటి కోసం తంటాలు పడవద్దు; రేడియో కార్యక్రమాలు చాలినన్ని దొరుకుతాయి.

ఒక మాట, "అక్కడ అందరికీ ఇంగ్లీషు వచ్చు గదా, ఇదంతా ఎందుకు" అని అడిగినవారికి. వచ్చు, మీరు తడబడిన మరుక్షణం మర్యాదగా ఇంగ్లీషులోకి మారిపోతారు కూడా. అందుకే "నా పేరు ఫలానా, నేను భారతదేశంనుంచి వచ్చాను" అన్న వాక్యాలకంటే, వారు మిమ్మల్ని అడగబోయే వాక్యాలను ముందు నేర్పే వనరు విలువైనది. కిరాణా దుకాణంలో డబ్బు కట్టే చోట అమ్మాయి తల ఎత్తకుండానే, వేగంగా, "సంచి కావాలా?" అని, వెంటనే "రసీదు కావాలా?" అని అడుగుతుంది. ఆ రెండు ప్రశ్నలలో సంచి అన్న మాట ‘పూసె’, రసీదు అన్న మాట ‘క్విత్తెరింగ్’. వీటిని పట్టుకొని "యా తక్" అనో "నై తక్" అనో అనగలిగితే ఆమె ఇంగ్లీషులోకి మారదు. ఖాళీ సీసాలను తీసుకొని డబ్బు తిరిగి ఇచ్చే యంత్రం ముందు కూడా ఇంతే: ఒక మీట నొక్కితే డబ్బు చీటీ వస్తుంది, ఇంకొకటి నొక్కితే ఆ డబ్బు రెడ్‌క్రాస్ లాటరీకి పోతుంది. మీట మీది మాట చదవడం వచ్చినవారికి వారి డబ్బు వారికి దక్కుతుంది.

అభ్యాసం. మొదట, జాబితాలో ఒక పాఠ్యక్రమం, ఒక నిఘంటువు, ఒక వినే వనరు ఉంచి మిగిలినవన్నీ కొట్టివేయండి. తెలుగు లిపిలో ఉచ్చారణ రాసుకున్న పేజీలను పక్కన పెట్టండి.

రెండవది కష్టమైనది. మీరు ఉంచుకున్న పాఠ్యక్రమంలోనుంచి నిమిషానికి మించని ఒక సంభాషణ తీసుకోండి. మొదటి రెండు రోజులు పాఠ్యం చూడకుండా వినండి. మూడవ రోజు పాఠ్యం చూస్తూ వినండి. ఆ తరువాత గొంతు వెంటనే, అర క్షణం వెనకగా, మీరూ పలకండి. ఆరవ రోజు మీ గొంతును ఫోనులో రికార్డు చేసి, అసలు గొంతుతో ఒక్కొక్క వాక్యం చొప్పున పోల్చి, ‘త’ ఉండవలసిన చోట ‘ట’ పడిన ప్రతి మాట కింద గీత గీయండి. గీతలు మూడుకు మించితే కొత్త సంభాషణకు పోకండి, అదే మళ్ళీ చేయండి.

మూడవది, వై, ఆర్ అనే రెండక్షరాల పేరుతో వాతావరణ సంస్థా ఎన్‌ఆర్‌కే కలిసి నడిపే వాతావరణ సేవను ఫోనులో బూక్‌మోల్‌కు మార్చి, మీరు దిగబోయే ఊరి పరిస్థితిని వారం పాటు ప్రతి ఉదయం చదవండి. ‘రైన్’ వాన, ‘స్నొ’ మంచు, ‘స్లుద్’ రెండూ కలిసినది. ‘ఒప్‌హొల్స్‌వార్’ అన్న పొడుగు మాట కనిపిస్తే ఆ పూట గొడుగు అక్కరలేదు. వచ్చే పాఠంలో క్రియ స్థానాన్ని ఈ వాతావరణ వాక్యాలతోనే మొదలుపెడతాను కనుక, చదివిన వాక్యాలలో కనీసం పదింటిని నార్వేజియన్ లిపిలో రాసి ఉంచుకోండి.