వంపు బీమ్ ఎందుకు లేవలేదంటే

పర్లాకిమిడిలో మా మేడ మీద కూర్చుని నాలుగు రాత్రులు తల పట్టుకున్న లెక్క ఇది: బీమ్‌ను ఎలిమెంట్లనే చిన్న ముక్కలుగా విడగొట్టి, బలం పెడితే ఎంత వంగుతుందో కంప్యూటర్‌లో కట్టడం. 100 వ్యాసార్థంతో 45 డిగ్రీలు వంగిన కాంటిలివర్ బీమ్ (ఒక చివరే బిగించిన దూలం), అడ్డుకోత 1×1, యంగ్స్ మాడ్యులస్ (పదార్థం గట్టిదనం) ఒక కోటి, కొన మీద వంపు తలానికి నిలువుగా 600 బలం. 1979లో బాథే, బొలూర్చీ అనే పరిశోధకులు ఇచ్చిన లెక్క. కొన దాదాపు 53.4 లేవాలి. నాది అందులో సగం కూడా లేవలేదు.

ఎలిమెంట్లు పెంచితే కాస్త కాస్త కదిలింది. అప్పుడే అనుమానించాల్సింది! రెండు నోడ్ల (చివరి బిందువుల) ఎలిమెంట్‌లో రెండు ఇంటిగ్రేషన్ పాయింట్లు (ముక్క గట్టిదనాన్ని లెక్కించే చోట్లు) పెట్టాను. సన్నటి బీమ్ వంగబోతే లేని షియర్ (అడ్డంగా జరిపే కోత) పుట్టుకొచ్చి బిగుసుకుపోతుంది. దీన్నే షియర్ లాకింగ్ అంటారు. ఒక్క పాయింటే ఉంచితే వెదురుబద్దలా వంగింది.

అయినా బలం పెంచేకొద్దీ న్యూటన్ పద్ధతి (అంచనాను మళ్లీ మళ్లీ దిద్దుతూ జవాబు చేరడం) దారి తప్పింది. ఇది పూర్తిగా నా తెలివితక్కువతనం: త్రీడీలో భ్రమణాలను మామూలు వెక్టర్లలా కూడేశాను. అమ్మ పోపుల పెట్టెను ముందు పక్కకి, తర్వాత ముందుకి తిప్పి, మళ్లీ వరస మార్చి తిప్పితేగానీ బుర్రకెక్కలేదు. పెట్టె రెండుసార్లూ వేరేగా ఆగింది, జీలకర్ర మాత్రం రెండుసార్లూ ఒలికింది. కూడికలు తీసేసి, ప్రతి మెట్టులో కొత్త భ్రమణాన్ని క్వాటర్నియన్‌గా (భ్రమణాన్ని నాలుగు సంఖ్యలతో రాసే రూపం) పాతదానితో గుణించాను. 8 ఎలిమెంట్లతోనే 53.4 దగ్గరికొచ్చింది.